పదకొండు పుస్తకాలు, ఒక సంతకం

గుంటూరు,
12-6-2001.

పెద్దమావయ్య గారికి నమస్కారాలు.

నాకు పొగరని ఇంటిల్లిపాదీ తేల్చేశారట. జరిగింది వినండి. మీ స్నేహితుడు ప్రొఫెసర్ గారు రిటైరవుతూ, లైబ్రరీ పుస్తకాలేవీ తన దగ్గర లేవని కాలేజీ లైబ్రేరియన్‌గా నన్ను సంతకం పెట్టమన్నారు. అది లేకపోతే పెన్షన్ కాగితాలు కదలవు. కానీ ఆరేళ్లుగా పదకొండు పుస్తకాలు ఆయనింట్లోనే ఉన్నాయి.

"తెచ్చిస్తే పెడతానండీ," అన్నాను.

"మీ మావయ్య మొహం చూసి ఈ ఉద్యోగం వేయించింది నేను! రేపే తీయించేస్తా!"

"అలాగే సార్. పుస్తకాలు మాత్రం తీసుకురండి."

నిన్న మిరపకాయల గోతాంలో మోయించుకొచ్చారు. ఆయనతో సహా అందరం తుమ్ముతూనే లెక్కపెట్టాం. పదకొండూ ఉన్నాయి, సంతకం పెట్టాను. సాయంత్రానికే నాలుగు పుస్తకాలు విద్యార్థులు పట్టుకెళ్లారు.

ఆయనింటికెళ్లి క్షమాపణ చెప్పమని మీరు రాశారు. నేను వెళ్లను.

మీ మేనకోడలు.