చుట్టకెంత, నెత్తురుకెంత

కోనసీమ జిల్లా, ఆలమూరు మండలం, జొన్నాడ గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు పెచ్చెట్టి వెంకటరాజు గారి కుమారుడు, వ్యవసాయం మీద బతికే డెబ్భై తొమ్మిదేళ్ళ గంగాధరరావు అను నేను, మతి చెడకుండా, మందు పుచ్చుకోకుండా, ఎవరూ మెడ మీద కత్తి పెట్టకుండా వ్రాయించుకుంటున్న వీలునామా. మతి సరిగ్గా ఉందని ఆలమూరు డాక్టరు గారు కాగితం ఇచ్చారు. ఊపిరితిత్తులు కూడా శుభ్రంగా ఉన్నాయని అడక్కుండానే రాసిపెట్టారు. జీవితమంతా చుట్ట కాల్చినవాడి ఎక్స్‌రే చూసి ఆయనకే ఒళ్ళు మండినట్టుంది. ఆ కాగితం దీనికి జత చేస్తున్నాను.

ఇంతకుముందు పెళ్ళి పందిళ్ళలో ఊగిపోయి ఎవరికైనా నోటితో ఇచ్చిన మాటలుంటే అవి దీంతో రద్దు. నా స్థిరచరాస్తులు నా తదనంతరం ఈ దిగువ విధంగా చెందవలెను. అమలు జరిపే బాధ్యత నా చిన్ననాటి స్నేహితుడు, రిటైర్డు హెడ్మాస్టరు సాలమోనుది. వాడు పుట్టి బుద్ధెరిగి చుట్ట ముట్టలేదు, నా పక్కన కూర్చోవడమూ మానలేదు.

1. నా ఏకైక కుమారుడు సాయిదుర్గాప్రసాద్‌కు జొన్నాడలోని డాబా ఇల్లు, ఊరి పొలం మూడెకరాలు దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఒరే అబ్బాయ్, అరుగు గోడ మీద నా పొగ మరక ఉందే, దానికి రంగు వేయిస్తానని రెండేళ్ళ నుంచి అంటున్నావు. నేను పోయాకైనా వేయించు. వాళ్ళమ్మ నవరత్నాల ఉంగరం కూడా వాడిదే. ఎందుకో రెండో కలములో తెలుస్తుంది.

2. నా భార్య మంగాయమ్మ నాలుగేళ్ళ కిందట ఊపిరితిత్తుల కాన్సరుతో పోయింది. ఆవిడ చుట్ట ముట్టుకుందంటే అది నా నోట్లోంచి లాగి వీధిలోకి విసరడానికే. పెద్దకార్యం నాటి భోజనాల దగ్గర ఆవిడ తమ్ముడు, మండపేటలో రైసు మిల్లు నడిపే రాజేంద్రప్రసాద్, బంతి బంతంతా వినేలాగ "మా అక్కని పొగబెట్టి చంపేసేరండి బావగారు" అన్నాడు. మనిషిని హంతకుణ్ణి చేసేటప్పుడు కూడా అండీ, గారూ వదలని మర్యాద మా గోదావరి వాళ్ళది.

ఆవిడకు వైద్యం చేసిన డాక్టరు ఉషారాణి గారు విశాఖపట్నంలో ఉంటారు. తప్పు నాదా కాదా తేల్చమని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మంగాయమ్మ గడ్డలోని జన్యువులో ఒక మార్పు కనబడిందట. అది పొగ తాగని ఆసియా వాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువట. చైనా, జపాను వాళ్ళలో బాగా ఎక్కువ, మన వాళ్ళలో వాళ్ళకంటే తక్కువ, తెల్లవాళ్ళలో ఇంకా తక్కువ. ఆ మార్పు మామూలుగా పుట్టుకతో రాదు, ఊపిరితిత్తిలోనే పుడుతుంది. కానీ దానికి లొంగే గుణం కొంత నెత్తురులో దిగుతుందేమో అని అనుమానమట. మంగాయమ్మ అక్కగారు సావిత్రి కూడా దగ్గీ దగ్గీ పోయింది. క్షయ అన్నారు. క్షయ మందులకు లొంగని ఆ క్షయ ఏమిటో పుట్టింటివారు ఈనాటికీ అడగలేదు.

నేను లేచి నిలబడి, అయితే నా చుట్ట నిర్దోషి కదా అన్నాను. ఉషారాణి గారు నవ్వలేదు. "అలాగని నేననలేదండీ. ఇంట్లో పొగ పీల్చినా ముప్పే. చుట్టకెంత, నెత్తురుకెంత అని తూచే తక్కెడ నా దగ్గర లేదు" అన్నారు. ఎందుకు లేదంటే, నెత్తురులో దిగే ముప్పు లెక్కలన్నీ ముందు తెల్లవాళ్ళ మీద కట్టారట, తరవాత చైనా జపాను వాళ్ళ మీద. మన వాళ్ళ గడిలో ఉన్నది బహు తక్కువ. ఒకరి కోసం కట్టిన లెక్క ఇంకొకరికి సరిగ్గా అతకదట. హవ్వ! ఏ వరి వంగడం ఏ తెగులుకి లొంగుతుందో ఈ మండలంలో ప్రతి రైతూ చెబుతాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి పక్క దేశం వంగడం చూసి మన చేలో మందు కొడుతున్నారు.

కాబట్టి ఆసుపత్రిలో దాచి ఉంచిన నా భార్య గడ్డ ముక్క మీద నాకు గల హక్కులన్నీ ఉషారాణి గారి పరిశోధనకు వదులుతున్నాను. అక్కడ పేరు రాయరట, నంబరు వేస్తారట. మంగాయమ్మా, నిన్ను నంబరుతో పిలిస్తే కోప్పడకు. మా అబ్బాయి నాతో మాట మాత్రం చెప్పకుండా వెళ్ళి తన నెత్తురు కూడా ఇచ్చి వచ్చాడు. ఉంగరం అందుకు.

3. రేవు దగ్గర చేపలమ్మే అప్పలమ్మకు ఆసుపత్రికి రానూపోనూ ఆటో ఖర్చులు నా ఖాతా నుంచి ఇవ్వవలెను. ఈవిడ యాభై ఏళ్ళుగా అడ్డచుట్ట, అంటే నిప్పు నోటి లోపల పెట్టుకుని, కాలుస్తోంది. దగ్గు లేదు. నా తరఫు సాక్షిగా ఈవిడ పేరు ఉషారాణి గారికి చెప్పాను. ఒక్క అప్పలమ్మ బతికిందని పొగ మంచిదైపోదండీ, ముందు ఆవిడ అంగిలి చూపించండి, అడ్డచుట్టకి కాన్సరు వచ్చేది అక్కడే అన్నారు. నా సాక్షి నాకే ఎదురు తిరిగింది. నా చుట్టల డబ్బా కూడా అప్పలమ్మ తనకే వస్తుందని ఆశ పెట్టుకుంది. రాదు.

ఆ డబ్బా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అందులో నాలుగేళ్ళ నుంచి ఉన్నది ఒకటే చుట్ట. మంగాయమ్మ పోయిన రోజు నుంచి నేను వెలిగించలేదు. మానేశానని తెలిస్తే నేరం ఒప్పుకున్నట్టని, రాజేంద్రప్రసాద్ ఎదురుపడే చోటికల్లా దాన్ని వెలిగించకుండా నోట్లో పెట్టుకుని వెళుతున్నాను. ఊరంతా ముసలాడికి సిగ్గు లేదనుకుంటోంది. అనుకోనీ.

4. జొన్నాడ లంకలోని అరెకరం కొబ్బరితోట నా భార్యకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చినది, ఆవిడ బతికుండగానే నా పేర రాసినది. అది రాజేంద్రప్రసాద్ కూతురు విజయదుర్గకు చెందవలెను. షరతులు లేవు. ఈ పిల్ల హైస్కూలు చదువంతా మా ఇంట్లోనే ఉండి చదివింది. మంగాయమ్మ దాని జడ వేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేది. నా చుట్ట పొగకి ముక్కు మూసుకుని "మావయ్యా, అరుగు మీదకి పోండి" అనే ధైర్యం ఆ ఇంట్లో దానికొక్కదానికే ఉండేది.

విజయదుర్గకు ఇప్పుడు నలభై మూడేళ్ళు, కూతురితో మండపేటలో తండ్రి దగ్గరే ఉంటోంది. వినాయక చవితి వెళ్ళినప్పటి నుంచి దగ్గుతోంది. సిరపులు తాగుతోంది. నాలుగేళ్ళ కిందట మంగాయమ్మ తాగినవీ అవే. వెంటనే స్కానింగు తీయించండి, నెత్తురు కూడా పరీక్ష చేద్దాం, తొందరగా దొరికితే బతికించే మందులున్నాయి అని ఉషారాణి గారు ఫోనులో చెప్పారు. నేను మండపేట పరిగెత్తాను. రాజేంద్రప్రసాద్ మజ్జిగ ఇచ్చాడు, కుర్చీ వేశాడు, ససేమిరా అన్నాడు. విజయదుర్గ కూతురు శ్రీవాణికి అమలాపురం సంబంధం ఖాయమయ్యేలా ఉందట. కాన్సరు ఆసుపత్రి గడప తొక్కితే అవతలివాళ్ళ చెవిన పడుతుందట. తలుపు దగ్గరగా వేసి అప్పుడు అసలు మాట అన్నాడు: "రక్తంలో ఉందని తేలితే శ్రీవాణినెవరు చేసుకుంటారు బావగారూ? చుట్ట వల్లంటే అది మీతోనే పోద్ది కదండీ."

ఆ మాటకి నాకు కోపం రాలేదు. వాడి కళ్ళలో నీళ్ళు చూశాను. అక్కలిద్దర్నీ పోగొట్టుకున్నవాడు, కూతురు దగ్గు వింటూ పడుకుంటున్నాడు. నా చుట్ట దోషి అయితే వాడి వంశం నిర్దోషి. నాలుగేళ్ళుగా వాడు నా మీద కక్ష కట్టాడనుకున్నాను. భయంతో ఆ నింద పట్టుకుని వేలాడుతున్నాడు, అంతే.

5. కాబట్టి నా బావమరిది రాజేంద్రప్రసాద్‌కు నా దగ్గరున్న వాటిలో చాలా విలువైనది రాసి ఇస్తున్నాను. ఈ కలము విడి కాగితం మీద, విడి సంతకంతో ఉంటుంది. పెళ్ళివారికి అదొక్కటే చూపించుకోవాలి. మిగతా కాగితాలు సాలమోను బీరువా దాటి బయటికి రాకూడదు. దాని పాఠం ఇది:

"నా భార్య మంగాయమ్మ నేను కాల్చిన చుట్టల పొగ వల్లనే పోయింది. ఆవిడ పుట్టింటివారి రక్తానికి దీనితో సంబంధం లేదు. మా ఇంట్లో పెరిగిన విజయదుర్గకు దగ్గు వచ్చినా, మరేదైనా వచ్చినా, అది కూడా నా పొగ వల్లనే. శ్రీవాణి మా ఇంట్లో పెరగలేదు. ఆమెకు ఏ ముప్పూ లేదు. ఇది నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను."

సాలమోను కలం ఆపి, ఇది అబద్ధం కదరా అన్నాడు. సగమే, అదీ ఏ సగమో డాక్టరుకే తెలియదు అన్నాను. శ్రీవాణి గురించి రాసిన ముక్క మాత్రం నాకూ గుచ్చుకుంది. అందుకని పెళ్ళయ్యాక ఆ పిల్లను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పి ఉషారాణి గారి దగ్గరికి పంపే పూచీ సాలమోనుదే.

పై కలములన్నీ నేను పోయాక అమలు కావలెను. ఈ అయిదో కలము నా చావు కోసం ఆగదు. రేపు ఉదయం మండపేట వెళ్ళి నా చేత్తో రాజేంద్రప్రసాద్ చేతిలో పెడతాను. బయట కారు ఆగి ఉంటుంది. విజయదుర్గా, చీర మార్చుకుని వచ్చి ఎక్కు తల్లీ. ఇంక మీ నాన్నకి అడ్డం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

జొన్నాడ, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) పెచ్చెట్టి గంగాధరరావు

వ్రాసినది: సాలమోను

సాక్షులు: కొబ్బరి దింపు మేస్త్రీ రాఘవులు, అంగన్‌వాడీ టీచరు అమ్ములు. గంగాధరరావు గారు పై కాగితాలన్నీ చదివించుకుని విని, నోట్లో చుట్ట తీసి అవతల పారేసి, మా ఇద్దరి ఎదుట సంతకం చేశారు.