దుమ్ముగూడెం నుంచి వంతెన దాకా

అక్కా,

ఈరోజు గోదారిలో పడవ పందెం జరిగింది. దుమ్ముగూడెం ఆనకట్ట కింద మొదలుపెట్టి, భద్రాచలం స్నానఘట్టాల పక్కనుంచి వంతెన దాకా తెడ్లు వేయాలి. ఆడవాళ్ల పడవ మాదొక్కటే. ముందు చోటు నీదని ఎవరూ కూర్చోలేదు. చివరికి నేనే కూర్చున్నాను.

సగం దూరం వచ్చేసరికి అరచేతుల్లో బొబ్బలు పగిలాయి. మన చర్చిలో పాటలు పాడే సుజాత వెనకనుంచి, "కొంచెం ఆగుదమా?" అంది.

"ఆగితే మళ్ల చేతులు లేవవ్. పాట అందుకో" అన్నాను.

ఆమె పాడింది. ఆ పాటకు తగ్గట్టే అందరి తెడ్లూ ఒక్కసారిగా నీళ్లలో పడ్డాయి. మగవాళ్ల పడవలు ఒక్కొక్కటే వెనకబడుతుంటే నాకు నవ్వు ఆగలేదు.

ఊరు వచ్చింది. మెట్ల నిండా జనం, వంతెన మీద ఆగిపోయిన ఆటోలు. అంత గోలలోనూ ఒక గొంతు స్పష్టంగా వినిపించింది. "నడుము వంచకు బిడ్డా, గట్టిగ లాగు!"

అమ్మ! నువ్వు వరదలో పోయినప్పటి నుంచి గోదారి దిక్కు చూడని అమ్మ, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి అరుస్తోంది. పందెం సంగతి నేను ఆమెకు చెప్పనే లేదు.

మేం రెండో స్థానంలో వచ్చాం. ఒడ్డున అమ్మ నా అరచేతులు తిప్పి చూసింది.

"మళ్లొచ్చే ఏడు గూడ ఉంటదా?"

"అవ్, ఉంటది."

"అయితే ముందుగాల చెప్పు. గిట్ల ఖాళీ కడుపుతోని పోవద్దు."

నీ చెల్లి