షెడ్డు ప్లాస్టరు

తమ్ముడూ,

ఆటో తేవడానికి స్టేషను దాకా వెళ్తున్నాను. లేచాక చొక్కా తొడుక్కుని, డయాలిసిస్ ఫైలు పట్టుకుని కూర్చో. మెడ దగ్గర గొట్టం ముట్టుకోకు. జ్వరం బిళ్ళల కోసం వెతక్కు, నా సంచిలో పట్టుకుపోతున్నాను. బిళ్ళ మింగి డాక్టరు దగ్గర జ్వరమే లేదని బొంకుతావు.

నిన్న డయాలిసిస్ మధ్యలో వణికిపోయి ఏసీ అన్నావు. సోమవారమూ ఏసీయే అన్నావు. పక్క మంచం ఆయనకి లేని చలి నీకొక్కడికే ఏటి?

పొద్దున్న దుప్పటి కప్పుతూ చూశాను. నిన్న ఆస్పత్రిలో గొట్టం కట్టు మీద తెల్ల ప్లాస్టరు వేసి పంపారు. ఇప్పుడున్నది నువ్వు పనిచేసే షెడ్డు ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోని గోధుమరంగుది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. అంటే ఇంటికొచ్చిన ప్రతిసారీ కట్టు విప్పి తలకి పోసుకుంటున్నావు. సిస్టరు అడిగితే అప్పే మార్చిందని నా మీదకి తోసేసుంటావు. ఆ గొట్టం తిన్నగా రక్తంలోకి పోతుందిరా. చీము అందులో కలిస్తే ఏటి చెయ్యను?

డాక్టరుకి అన్నీ చెప్పు. ఏదీ దాచకు.

అప్ప

నీ తల కంపు కొడుతోందని ఆమధ్య నేనన్న మాటకే కదా ఇదంతా. అదొక్కటీ చెప్పకు.