కొడుకులేడ్చిరి

4-9-78, సోమవారం

మాస్టారు ఈ రోజు కథ మధ్యలో ఆపేశారు. అచ్యుతరామయ్య మాస్టారంటే మా పక్కింటాయన, రిటైరయ్యారు. సాయంత్రాలు తన అరుగు మీద ఆరొందల ఏళ్ళ నాటి పద్యాల కథ చదివి మా జ్ఞానాపురం ఆడవాళ్ళకి అర్థం చెబుతారు. ఒక కోట కథ. రాజు తమ్ముడు అతిథిని గోడ మీంచి తోసి చంపాడు. ద్వారం కాపరి చూశాడు. చూసి కూడా, అతిథే తాగి పడిపోయాడని రాజు ముందు ఒట్టేసి అబద్ధం చెప్పాడు. సరిగ్గా అక్కడ మాస్టారికి చలిజ్వరం వచ్చింది.

అబద్ధం దగ్గర కథ ఆపితే ఆ పాపం విన్నవాళ్ళ ఇళ్ళకి వస్తుందని మా అమ్మ అనేది.

5-9-78

మాస్టార్ని కూతురు దువ్వాడ తీసుకుపోయింది. పుస్తకం నాకిచ్చి వెళ్ళారు. నాకు అక్షరాలే గానీ పద్యాలు రావన్నాను. కూడబలుక్కోమన్నారు.

7-9-78, గురువారం

వచ్చేసింది ఆ పాపం.

పోర్టు జెట్టీలో బస్తాలెత్తే వైరు రోపు తెగి అవి మీద పడి గవర్రాజు పోయాడు. సీతాలు మొగుడు, మా వీధే. నా కొడుకు అర్జునరావు అక్కడ మేస్త్రీ. రోపు పాడైపోయిందని కాంట్రాక్టరుకి ముందే చెప్పాడట. ఇప్పుడు ఆ కాంట్రాక్టరు, గవర్రాజు తాగి లోడు కిందికి వెళ్ళాడని అందరూ ఒకేమాట చెప్పాలంటున్నాడట.

తాగి అని. అదే మాట.

9-9-78

వచ్చే గురువారం ఎంక్వయిరీలో అర్జునుడు నిజం చెబుతాడట. డ్యూటీ దిగుతుంటే కాంట్రాక్టరు మనుషులు భుజం మీద చెయ్యేశారట. సముద్రం పక్కన పని బావా, కాలు జారగల్దు, సూసుకో అన్నారట. వాడు నవ్వుతూ చెప్పాడు. నేను దొడ్లోకి వెళ్ళి కూచున్నాను.

10-9-78, ఆదివారం

పుస్తకం తీశాను. ఆ కాపరి తరవాత నిజం చెప్పాడేమో, చెబితే ఏమైందో చూడాలి. అక్షరాలన్నీ గొలుసులా కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడ విరవాలో తెలీదు. వేలు పెట్టుకుని చదివాను.

నిజముదెలుపగగొడుకులేడ్చిరి.

నిజము. తెలుపగ. కొడుకు లేడ్. చిరి అంటే ఏమిటో తెలీలేదు. మిగతాది తెలిసింది. నిజం చెబితే కొడుకు లేడు.

వాడు అన్నం తింటుంటే ఎడమచెయ్యి లాక్కుని నా నెత్తి మీద పెట్టించుకున్నాను. ఏమీ చూడలేదని చెబుతానని ఒట్టు వేయించాను. లాక్కోబోయాడు, వదల్లేదు. ఒట్టు తప్పితే నేను పోతానని వాడి భయం. నాకూ అదే నమ్మకం. కంచం వదిలేసి లేచిపోయాడు.

11-9-78

నాతో మాట్లాడటం లేదు.

12-9-78

సీతాలు వచ్చింది. మైల కదా, గుమ్మం బయటే నిలబడింది. బొట్టు ఇంకా ఉంది, పదో రోజుకి తీసేస్తారు. దాని వైపు చూడలేకపోయాను. గవర్రాజుకి కల్లు వాసనొస్తేనే కడుపులో తిప్పేది, వీధిలో అందరికీ తెలుసు.

"మీ అబ్బాయిని సెప్పమనను పిన్నీ, నీ భయం నాకు తెలుసు. తాగుబోతోడి పిల్లలని రేపు ఊరంతా అంటే నా పిల్లలకి ఏటి సెప్పాలో, అది సెప్పు" అంది.

మంచినీళ్ళివ్వబోయాను. వద్దంది.

13-9-78

ఒక్కదాన్నే పాసింజరెక్కి దువ్వాడ వెళ్ళాను. ఆగిన చోటల్లా ఇదేనా దువ్వాడ అని అడిగాను. పక్కామె విసుక్కుని, నిన్ను దింపీసే నాను దిగుతాను, కూకో అంది.

మాస్టారు మంచం మీద ఉన్నారు. ఆ లైను చదివి వినిపించాను. నవ్వొచ్చింది ఆయనకి. నా మొహం చూసి మానేశారు.

"కొడుకు లేడు కాదమ్మా. కొడుకులు ఏడ్చిరి."

కాపరి అబద్ధం చెప్పిన నాటి నుంచి కొడుకులు అతన్ని నాన్నా అని పిలవడం మానేశారట. నిజం చెప్పాక కావలించుకుని ఏడ్చారట, నాన్నా అని. అబద్ధపు ప్రమాణం చేసినందుకు రాజు మాత్రం కాపరి కుడిచెయ్యి నరికించాడట.

చెయ్యి మళ్ళీ వచ్చిందా అని అడిగాను. దేవుడైనా ఇచ్చి ఉంటాడని.

రాలేదమ్మా అన్నారు.

14-9-78, గురువారం

ఎంక్వయిరీ ఆఫీసు గేటు దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. చుట్టూ కాంట్రాక్టరు మనుషులు, సిగరెట్లు. వాడి చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టాను. నేనే దించేశాను.

"నాను ఏయించిన ఒట్టు నానే తీసేత్తన్నానురా. సూసింది సెప్పు."

ముసల్దానికి పిచ్చెక్కిందన్నాడొకడు. అర్జునుడు జారిన నా కొంగు సరిచేసి లోపలికి వెళ్ళాడు.

చెప్పేశాడట. రోపు గురించి, తను ముందే చెప్పిన సంగతి, అన్నీ. సాయంత్రానికి పనిలోంచి తీసేశారు. ఇంటికొచ్చి, అమ్మా, అన్నం పెట్టు అన్నాడు. పెట్టాను. వాడి కుడిచేతి వైపే చూస్తూ కూచున్నాను.

20-9-78, పగలు పదకొండు

ఎదుటి కిళ్ళీ కొట్టు దగ్గర ఆ కాంట్రాక్టరు మనుషులే ఇద్దరు. వాడు లోపల నిద్రపోతున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా కూచున్నాను. సీతాలు కత్తిపీట, బుట్టెడు వంకాయలు తెచ్చుకుని పక్కన కూచుంది. తరవాత మూలింటి జోగమ్మ. తరవాత వీధిలో ఆడవాళ్ళందరూ. గుమ్మం చాలక రోడ్డు మీదికి వచ్చేశాం. వాళ్ళు ఇటే చూస్తున్నారు. తరగాల్సిన వంకాయలు ఇంకా చాలా ఉన్నాయి.