జీబ్రాలు ఇటు చూసిన ఫోటో

నాన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. కాల్గరీలో మా హాల్లో నీ ఫోటో పక్కన నేను తీసిన జీబ్రాల ఫోటో కూడా ఉంది. భోజనానికి వచ్చినవాళ్లు నీకు దండం పెట్టి, దాని దగ్గరే నిలబడిపోయారు.

"జీబ్రాలన్నీ పోజిచ్చినట్టున్నాయే వదినా! ఇంత పర్ఫెక్ట్‌గా ఎలా క్యాప్చర్ చేశారు?" అని నీ అల్లుడి స్నేహితుడు అడిగాడు.

"స్టూడియో ఫోటోగ్రాఫర్ కూతురు మరి!" అన్నారు నీ అల్లుడు. నేను సాంబారు తెచ్చే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

మొన్న సెలవుల్లో ఆయన నన్ను ఆఫ్రికా తీసుకెళ్లి, కెమెరా చేతికిచ్చి నేర్పించారు. అక్కడ వానల్లేని కాలం. ఒక్క గుంటలోనే నీళ్లు మిగిలాయి. జీపులో చాలాసేపు కాచుకున్నాక, జీబ్రాలు బెదురుతూ నీళ్ల దగ్గరకొచ్చి తలలు వంచాయి. కళ్లు కనపడితేనే ఫోటో బాగుంటుందని గైడ్ చెప్పాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు. స్టూడియోలో పిల్లల ముందు నువ్వు వేసినట్టే చిటిక వేశాను.

అన్నీ ఒక్కసారి తలెత్తి నన్ను చూశాయి. ఫోటో తీశాను. మరుక్షణం దుమ్ము రేపుకుంటూ పారిపోయాయి. వాటి మూతులు ఇంకా తడవనే లేదు. గైడ్ జీపు వెనక్కి తిప్పాడు.

ఏడ్చే పిల్లలకు ముందు మంచినీళ్లు తాగించి, ఆ తర్వాతే నువ్వు చిటిక వేసేవాడివి. నాకు అప్పుడు చిటిక ఒక్కటే గుర్తొచ్చింది.

ఈ రోజు అందరూ ఎలా తీశావనే అడిగారు. నువ్వుంటే, అవి మళ్లీ వచ్చి తాగాయా అని అడిగేవాడివి.

తెలియదు నాన్నా. మేము ఆగలేదు.