నువ్వు తీసిన ముల్లు

ఏమయ్యా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. మొన్న నా అరికాలి గడ్డకి నరసరావుపేటలో స్కానింగ్ తీశారు. క్యాన్సరేమోనని భయపడుతూనే బల్లమీద పడుకున్నాను. డాక్టరమ్మ జెల్లు రాసి, మిషను తిప్పి, తెరమీద తెల్లటి గీత చూపించింది.

"క్యాన్సరూ కాదు, ఏం కాదమ్మా. లోపల ముల్లుముక్క ఉండిపోయి చుట్టూ గడ్డ కట్టింది."

మిరపచేలో తుమ్మముల్లు దిగిన రోజు పిన్నీసుతో తీసింది నువ్వేగా! "ఇంకా గుచ్చుకుంటందయ్యా" అంటే, "మొత్తం వచ్చేసిందిలేవే, చానా గోల చేస్తన్నావేంది" అని కసిరి, జిల్లేడుపాలు పోశావు.

బల్లమీదే పకపకా నవ్వాను. తర్వాత గడ్డ కోసి, ఆ ముక్క తీసి పారేయబోతుంటే వద్దని, కాగితంలో కట్టించుకుని వచ్చాను. ఇదిగో, నీ ఫోటో ముందు పెట్టాను.

ఇప్పుడు కసురు, చూద్దాం.