నీళ్లు గుంజిన సంగతి

చిట్యాల, శనివారం

బిడ్డా నవ్యా, నేను బాగానే ఉన్నాను, పరేషాన్ కావద్దు. ఫోన్‌లో అయితే ఏడుపొస్తుంది, అందుకే కార్డు రాస్తున్నాను.

ఇక్కడ కూలికి మిరపకాయ ఏరే చేనుకు మంచినీళ్లు నేనే తెస్తున్నాను. సైకిలు వెనుక సీటుకు అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టి నెట్టుకుంటూ వస్తాను. నిన్న బరువని కొంచెం తక్కువ నింపాను. బండ్ల బాట మీద నీళ్లు లోపల అటూ ఇటూ కొట్టి సైకిలునూ నన్నూ పడేశాయి. దెబ్బలేమీ లేవు. నాతో కూలికొచ్చే ఎల్లవ్వ ఒకటే నవ్వు. "మూతిదాంక నింపు వదినె, ఊగయి" అంది. ఇవాళ అట్లనే నింపాను. నిజంగానే ఊగలేదు. బరువు పెరిగితే ఊగకపోవడమేంది? మీ సైన్సు సారును అడిగి రాయి.

ఇంటికి సైకిలు మీద ఫిల్టరు నీళ్లు తెచ్చేటప్పుడు మీ అక్క సరిత ఎప్పుడూ క్యాన్లు నిండా నింపేది. "ఏందే గంత బరువు, జర తక్కువ నింపు" అని నేనే తిట్టేదాన్ని. నా మాట విని తక్కువ నింపిన రోజే అది పడింది. దానికీ తిట్టాను. "నేనేం జేసిన అవ్వా, నీళ్లే గుంజినయి" అంది. కన్నతల్లినై ఉండీ నేను నమ్మలేదు. ఆ తర్వాత నెలకే జ్వరంతో పోయింది. నిన్న పడ్డప్పటి నుంచి అదే మాట చెవిలో ఉంది.

మేక ఈనిందా? మీ బాపు గోళీలు వేసుకుంటున్నాడా? చింతపండు ఎండకు పెట్టు.

ఇప్పుడు ఫిల్టరు నీళ్లకు నువ్వే పోతున్నావు కదా. నీకు ఎంత నింపబుద్ధయితే అంత నింపుకో, నేనేమీ అనను. చల్లగా ఉండు బిడ్డా.

మీ అవ్వ